మీ ఇంట్లో ఎంతమంది?

జనాభా అనే మాట వింటే మా తరం వాళ్ళకి ముందుగా గుర్తొచ్చేది తలకిందులుగా ఉన్న ఎర్ర త్రికోణం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద, బస్సుల వెనక, మందుల షాపుల్లో, ఎక్కడ చూసినా అదే. దాని కింద "చిన్న కుటుంబం చింతలేని కుటుంబం" అన్న మాట. సోషల్ పరీక్షలో "అధిక జనాభా వలన కలుగు నష్టములను వ్రాయుము" అన్న ప్రశ్న వచ్చి తీరేది. నిరుద్యోగం, ఆహార కొరత, ఇళ్ళ కొరత, కాలుష్యం, పేదరికం అని పాయింటుకో మార్కు చొప్పున గడగడా రాసి పడేసేవాళ్ళం. రాస్తున్న మేమూ ఆ అధిక జనాభాలో వాళ్ళమేనన్న సంగతి మాలో ఎవరికీ తట్టేది కాదు.

మాది తణుకు దగ్గర ఒక పల్లెటూరు. 1991లో మా ఇంటికి జనాభా లెక్కలు రాయడానికి వచ్చింది మా స్కూలు మాస్టారే. నానమ్మ ఆయనకి మజ్జిగ ఇచ్చి, "మనుషుల్ని లెక్కెడితే తరిగిపోతారంటారు కదండీ మాస్టారూ?" అంది. "తరగాలనేనండీ మామ్మగారూ గవర్నమెంటు కోరిక!" అని ఆయన నవ్వి, మా ఇంట్లో ఐదుగురిని రాసుకున్నారు. నానమ్మ, నాన్న, అమ్మ, నేను, చెల్లి. ఆ ఏడాది దేశం మొత్తం 84.6 కోట్లని తేలింది.

అమెరికా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. డేటాబేసులతో ఉద్యోగం. కొందరు క్రికెట్ స్కోర్లు చూసినట్టు నేను జనాభా పట్టికలు చూస్తుంటాను. 1901లో ఇప్పటి భారతదేశపు సరిహద్దుల్లో ఉన్నవాళ్ళు 23.8 కోట్లు. 1911, 1921 మధ్య జనం పెరగకపోగా కాస్త తగ్గారు. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా అంత పని చేసింది. 1951కి 36.1 కోట్లు, 2011కి 121 కోట్లు. 2023 ఏప్రిల్‌లో భారతదేశం చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చిందని ఐక్యరాజ్య సమితి అంచనా వేసింది. ఆ వారం మా తెలుగువాళ్ళ పాట్‌లక్‌లో అదే చర్చ. "అందుకే అండీ మన దేశం బాగుపడంది" అని ఒకాయన బిర్యానీ వడ్డించుకుంటూ తేల్చేశారు.

నాకు మాత్రం ఆ ఒక్క పెద్ద అంకెను పట్టుకుని దేశం గురించి మాట్లాడటం, పెళ్ళివారందరి కొలతలూ కలిపి సగటు తీసి పెళ్ళికొడుక్కి చొక్కా కుట్టించినట్టు అనిపిస్తుంది. ఎంతమంది అన్న ప్రశ్న దగ్గరే మనం ఆగిపోతాం. ఎక్కడున్నారు, ఏ వయసు వాళ్ళున్నారు అన్న ప్రశ్నల దాకా వెళ్ళం. మా ఇంటి కష్టసుఖాలన్నీ ఆ రెండు ప్రశ్నల్లోనే ఉన్నాయి.

ముందు 'ఎక్కడ' సంగతి చూద్దాం. 2011 లెక్కల్లో దేశంలో చదరపు కిలోమీటరుకు 382 మంది. బీహార్‌లో 1,106 మంది, అరుణాచల్ ప్రదేశ్‌లో 17 మంది. జిల్లాలు విడగొట్టక ముందున్న మా పశ్చిమ గోదావరి జిల్లాలో 508 మంది. నేను ఇప్పుడుంటున్న న్యూజెర్సీలో 2020 లెక్కల ప్రకారం దాదాపు 488 మంది. మొదటిసారి ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడు నమ్మలేక మళ్ళీ భాగించి చూశాను. ఇక్కడ మా వీధిలో సాయంత్రం నడకకు వెళ్తే కుక్కను తిప్పేవాళ్ళు తప్ప మనిషి కనపడడు. మా ఊళ్ళో కాలవ గట్టు మీద నాలుగడుగులు వేస్తే నలుగురు పలకరిస్తారు. అయినా లెక్కకు రెండుచోట్లా ఇంచుమించు అంతే జనం! ఇరుకు అనేది మనుషుల సంఖ్యతో మాత్రమే రాదు. రోడ్లు, నీళ్ళు, ఆసుపత్రులు, ఉద్యోగాలు ఎంతమందికి సరిపోయేటట్టు కట్టుకున్నామన్న దాన్ని బట్టి వస్తుంది. నా చిన్నప్పుడు రాసిన ఐదు పాయింట్లలో ఈ పాయింటు లేదు.

మా జిల్లాలో అంతమంది ఎందుకున్నారంటే దానికి కారణం గోదావరి నీళ్ళు. 1832-33లో నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. ఆ రోజుల్లో గోదావరి జిల్లాలో కూడా జనం తగ్గిపోయారు. పక్కనే నది పోతున్నా పొలాలకు నీళ్ళు లేవు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవలు వచ్చాయి, వరి వచ్చింది, వరి వెంట మనుషులు వచ్చారు. ఇప్పటికీ ఉమ్మడి జిల్లా పటంలో కాలవల కింద ఊళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటే, పైన బుట్టాయిగూడెం, పోలవరం వైపు కొండల్లో ఇళ్ళు దూరదూరంగా ఉంటాయి. 508 అన్నది ఆ రెండింటినీ కలిపి తీసిన సగటు. అలాంటి ఊరు నిజానికి ఎక్కడా ఉండకపోవచ్చు.

నీళ్ళు జనాన్ని తెచ్చినట్టే ఉద్యోగాలు వాళ్ళను తీసుకుపోయాయి. 2001 నుంచి 2011 దాకా పదేళ్ళలో దేశ జనాభా 17.7 శాతం పెరిగింది. మా పశ్చిమ గోదావరి పెరిగింది మూడున్నర శాతం. 38 లక్షల చిల్లర 39 లక్షల చిల్లర అయింది, అంతే. అదే పదేళ్ళలో అప్పటి రంగారెడ్డి జిల్లా 48 శాతం పెరిగింది. చదరపు కిలోమీటరుకు 18 వేలమందికి పైగా ఉన్న హైదరాబాద్ జిల్లా మూడు శాతమే పెరిగింది. లోపల చోటు లేక నగరం పక్క జిల్లాలోకి పొర్లిపోయిందన్న మాట. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ ఉన్న మాదాపూర్ ఆ రంగారెడ్డి జిల్లాలోదే. మా చెల్లి ఇల్లు మియాపూర్‌లో. వాళ్ళబ్బాయి స్కూల్లో ఒక్కో తరగతికి ఎనిమిది సెక్షన్లు. మా ఊళ్ళో మాస్టారు పనిచేసిన బళ్ళో ఇప్పుడు పిల్లలందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టొచ్చు. ఒకే భాష మాట్లాడే ఒకే కుటుంబంలో ఒక చోట జనం ఎక్కువ, ఇంకో చోట తక్కువ.

ఇక వయసు సంగతి. అమ్మకి చెల్లి పుట్టగానే కు.ని. ఆపరేషన్ అయిపోయింది. అప్పటికి ఆవిడకి పాతికేళ్ళు కూడా లేవు. మా వీధిలో ఆవిడ ఈడు ఆడవాళ్ళందరిదీ అదే కథ. దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం 1952లో మొదలైంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షల పైచిలుకు ఆపరేషన్లు చేశారు, వాటిలో ఎక్కువ మగవాళ్ళకే. ఆ బలవంతానికి జనం భయపడిపోయాక మొత్తం భారం ఆడవాళ్ళ మీదికి మళ్ళింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో సుమారు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మనం గొప్పగా చెప్పుకునే 'జనాభా అదుపు' వెనక ఆరోగ్య కేంద్రంలో వరసగా పడుకున్న ఈ అమ్మలున్నారు. వాళ్ళకి ఏ అవార్డూ రాలేదు.

ఒక తరం పోయి ఇంకో తరం అదే సంఖ్యలో రావాలంటే ఒక్కో స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలుండాలంటారు. అదే సర్వేలో దేశం సగటు 2.0. ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8, బీహార్‌లో 3.0. "మరి జనాభా ఇంకా పెరుగుతోంది కదా?" అని పాట్‌లక్ పెద్దమనిషి అడగనే అడిగారు. బ్రేకు వేసిన గూడ్సు బండి వెంటనే ఆగదు కదండీ. వెనకటి తరంలో ఎక్కువమంది పుట్టారు కాబట్టి, ఇద్దరేసి పిల్లల్ని కన్నా తల్లులే ఎక్కువమంది. అందుకే ఇంకొన్ని దశాబ్దాలు పెరిగి, 2060ల్లో 170 కోట్ల దగ్గర ఆగుతుందని ఐక్యరాజ్య సమితి అంచనా. అయితే ఆ పెరిగేది మా ఊళ్ళో కాదు. మా ఊళ్ళో బండి ఎప్పుడో ఆగింది.

ఇందులో రాజకీయం కూడా ఉంది. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో 42వ రాజ్యాంగ సవరణ లోక్‌సభ స్థానాలను 1971 లెక్కల దగ్గర నిలిపేసింది. 2001లో 84వ సవరణ ఆ ఏర్పాటును 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. చెప్పిన మాట విన్నందుకు మన గొంతు తగ్గుతుందా అన్న దక్షిణాది భయం అక్కడిది. మన దగ్గర 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలుంటే ఎన్నికల్లో నిలబడనివ్వలేదు. మా ఊళ్ళో ఒకాయన మూడో సంతానం కలిగాక సర్పంచ్ పదవికి తమ్ముణ్ణి నిలబెట్టి, వెనక కుర్చీలో తను కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళు గడిచి 2024 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను తీసేసింది. ఇప్పుడు ఎక్కువమంది పిల్లల్ని కనండని నాయకులే అంటున్నారు. ఆ మాట చెప్తే అమ్మ, "వద్దన్నప్పుడూ మమ్మల్ని అడగలేదు, కావాలన్నప్పుడూ అడగరు" అంది. దానికి పైన నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఆ ఇంట్లో ఉంటోంది. న్యూజెర్సీ వచ్చినా, మియాపూర్ వెళ్ళినా పది రోజులకే ఊరి మీద ధ్యాస. మా వీధిలో ఇరవై ఇళ్ళుంటే సగానికి పైగా ఇళ్ళలో అరవై దాటినవాళ్ళే. పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, డల్లాస్, మెల్‌బోర్న్. 2011లో దేశంలో అరవై దాటినవాళ్ళు 8.6 శాతం, కేరళలో 12.6 శాతం. మా వీధికి వేరే లెక్క కట్టుకోవాలి.

అలాగని ఊళ్ళో కుర్రవాళ్ళే లేరనుకోకండి. చేపల చెరువుల మీద పనిచేసేది బీహార్, ఒడిశా కుర్రాళ్ళు. నాట్లకు బెంగాల్ నుంచి ముఠాలు వస్తాయి. మా ఇంటి వెనక చెరువు కాపలా కుర్రాడు బీహారీ. గ్యాస్ బండ మార్చేది అతనే, కరెంటు పోతే ఫ్యూజు వేసేది అతనే. కిందటి శీతాకాలం అమ్మకి రాత్రిపూట ఆయాసం వస్తే ఆటో పిలుచుకొచ్చి తణుకు తీసుకెళ్ళింది కూడా అతనే. వాళ్ళ ఊళ్ళో వాళ్ళమ్మకి గ్యాస్ బండ ఎవరు మారుస్తారో అమ్మ అడిగిందట. "చిన్న తమ్ముడున్నాడమ్మా" అన్నాడట. ఆ తమ్ముడు కూడా బండెక్కేదాకా అన్నమాట. కిక్కిరిసిన చోటు నుంచి అతను మా ఊరు వచ్చాడు, మా ఊరి నుంచి నేను ఇక్కడికి వచ్చాను. జనాభా పంపకం అని పుస్తకాల్లో రాసేది దీన్నే.

ఇక్కడ నన్ను బాగానే లెక్కపెట్టారు. 2020 ఏప్రిల్ 1 నాటికి ఈ ఇంట్లో ఎవరెవరున్నారో రాయమని ఉత్తరం వచ్చింది. ఆన్‌లైన్లో పది నిమిషాల్లో నింపేశాను. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఇక్కడ వేరే సర్వే ఒకటి ఏటా అడుగుతుంది. 2010లో రెండు లక్షల పైచిలుకున్న తెలుగు మాట్లాడేవాళ్ళు 2017కి నాలుగు లక్షలు దాటారు. అక్కడ తగ్గిన అంకె ఇక్కడ కనపడుతోంది.

మన దేశంలో 2021లో జరగాల్సిన జనగణన కోవిడ్‌తో మొదలుపెట్టి వాయిదా పడుతూ వచ్చింది. చివరికి 2027 మార్చి 1 నాటి జనాభాను లెక్కిస్తామని 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు. టీవీలో ఆ వార్త చూసి అమ్మ ఫోన్ చేసింది.

"ఒరేయ్, వచ్చినవాళ్ళు ఇంట్లో ఎంతమందంటే నిన్ను కూడా రాయించొచ్చా?"

"లేదమ్మా. దేశంలో లేనివాళ్ళని రాయరు."

"రేషన్ కార్డులో లేవు, ఓటు లేదు, ఇందులోనూ లేవా? పోనీ ఫిబ్రవరిలో వాళ్ళు లెక్క రాసే రోజులన్నీ ఇక్కడుంటే?"

ఆ రోజులన్నీ అక్కడే ఉండి, దేశంలో మరెక్కడా నమోదు కానివాణ్ణి ఉన్నచోటే రాసుకుంటారు. అమ్మకి ఆ సందు ఎలా దొరికిందో తెలీదు. కానీ నేను వద్దన్నాను. 1991లో ఐదుగురు, 2011లో ఇద్దరు, ఇప్పుడు ఒక్కరు. ఆ ఒకటి అన్న అంకె అలాగే పట్టికలో పడాలి. అరవై దాటినవాళ్ళు ఒంటరిగా ఎన్ని ఇళ్ళలో ఉన్నారో కాగితం మీద కనపడితేనే, ఏ ఊరికి బడి గదులు కావాలో, ఏ ఊరికి ఇంటికొచ్చి బీపీ చూసే నర్సు కావాలో ఎవరైనా ఆలోచిస్తారు. నేను ఇరవై రోజులుండి లెక్కలో చేరి విమానం ఎక్కేస్తే, ఆ ఇంట్లో కుర్రాడున్నాడనే అనుకుంటారు.

ఇదంతా అమ్మకి వివరంగా చెప్పాను. "ఒక్కదాన్నే ఉంటున్నానని రాయించమ్మా, నిజం అదే కదా" అన్నాను.

అంతా విని, "సర్లే, ఒక్కదాన్నే అని రాయిస్తాను. నర్సు వచ్చేటప్పుడు వస్తుంది. ఇంతకీ నువ్వు ఫిబ్రవరిలో వస్తున్నావా, లేదా?" అంది.

వస్తానని చెప్పాను. లెక్క రాసే రోజులన్నీ కాకపోయినా, వారం పది రోజులైనా ఉంటాను.