రాజమహేంద్రవరంలో ఒక వేదిక

రాజమహేంద్రవరం వచ్చిన యాత్రికులు గోదావరిని, వంతెనలను చూచి మరలిపోతారు. శ్రీ వేంకటేశ్వర ఆనం కళాకేంద్రాన్ని కూడా చూడాలి. ప్రదర్శన లేని వేళ అక్కడ ఖాళీ కుర్చీలు, నిశ్శబ్దమైన వేదిక తప్ప మరేమీ ఉండవు. అయినా ఈ నగరానికి వేదిక అంటే కేవలం వినోదస్థలం కాదు.

1880లో కందుకూరి వీరేశలింగం తమ విద్యార్థులచేత ఇక్కడే ‘వ్యవహార ధర్మబోధిని’ని ప్రదర్శింపజేశారు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు అదే నాందిగా పేర్కొంటారు. న్యాయస్థానాల చుట్టూ సాగే అవినీతిని, ప్లీడర్ల మోసాలను అది ఎండగట్టింది. ఆ పిమ్మట 1890లో ఆయన సొంత ధనం వెచ్చించి ఈ నగరంలోనే పురమందిరాన్ని నిర్మించారు. ఆయన జన్మదినమైన ఏప్రిల్ 16న ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుతున్నారు.

“నాటకశాలతో మనకేమి పని?” అని మన పెద్దలు కొందరు అడుగుతారు. అశ్లీలం ఎక్కడ ఉన్నా త్యజించవలసినదే. అందులో సందేహం లేదు. కాని అన్యాయాన్ని నలుగురి ఎదుట నిలదీసే చోటు ఏ నగరానికైనా అవసరమే. న్యాయం పక్షాన నిలవడం మన ధర్మమే కదా! పైగా ఈ వారసత్వం మనకు పరాయిది కాదు. ఈ గోదావరి సీమలోనే, పిఠాపురంలో జన్మించిన ఉమర్ ఆలీషా (1885–1945) తెలుగులో కావ్యాలతోపాటు నాటకాలూ రచించారు.

పిల్లలను రాజమహేంద్రవరం తీసుకువెళ్ళినప్పుడు గోదావరిని చూపండి. పిమ్మట పురమందిరం ముందు నిలిపి, ఈ ఇద్దరి పేర్లూ చెప్పండి.