ఖండస్ఫుటితం

పాత దేవాలయ శాసనాలను తిరగవేసినవారికి 'ఖండస్ఫుటిత జీర్ణోద్ధారం' అన్న సమాసం సుపరిచితమే. ఖండమంటే విరిగినది, స్ఫుటితమంటే పగిలినది. గుడికి భూమినిచ్చిన దాత దీపానికీ నైవేద్యానికీ తోడు, ఎన్నడో రాబోయే బీటలకు కూడ ఆ ఫలసాయంలో కొంత కేటాయించేవాడు. గుడి నిలిచి ఉండగానే దాని పగుళ్ళను తలచడం అశుభమని వారు భావించలేదు. (వృత్తిదోషం, వ్యుత్పత్తితో మొదలుపెట్టాను, మిత్రులు మన్నించాలి.) జీవితమంతా పిల్లలకు సమాసాలు విడదీసి చెప్పిన నేను ఈ సమాసానికి అర్థం మా సెల్లారులో నేర్చుకొన్నాను.

విజయవాడలో మేముండే అపార్టుమెంటు 1998 నాటిది. ఐదంతస్తులు, 20 ఫ్లాట్లు. 2018లో నేను పదవీ విరమణ చేయగానే "మాస్టారికి తీరికే కదా" అని సంఘాధ్యక్షుణ్ణి చేశారు. మరుసటి ఏటి వానలకు పై స్లాబు చెమ్మగిల్లింది. చూడవచ్చిన ఇంజనీరు డాబా వాటం చెడిందనీ, పగిలిన గొట్టాల నీరు సెల్లారు స్తంభాల మొదళ్ళకు చేరుతోందనీ, ముందు ఆ రెండూ సరిచేయించుకొమ్మనీ వ్రాసి ఇచ్చాడు. సంఘం చేతిలో ఉన్నది రెండున్నర లక్షలు. ఎదురింటి వారి అమ్మాయి పెళ్ళి దగ్గరపడింది; బయట రంగులు వేయిస్తే బాగుంటుందన్నారు. నేనూ రంగులకే మొగ్గాను. ఆ తీర్మానం నా దస్తూరీలోనే ఉంది. అక్షరదోషం ఒక్కటీ లేదు.

2021 జూన్ 24న అర్ధరాత్రి దాటాక, అమెరికాలో మయామీ చేరువన సర్ఫ్‌సైడ్ అనే ఊళ్ళో చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అన్న పన్నెండంతస్తుల భవనంలో చాలా భాగం కుప్పకూలింది. 98 మంది మరణించారు. ఈతకొలను వైపు స్లాబులోకి నీరు దిగుతోందనీ, కాంక్రీటు బాగా దెబ్బతిన్నదనీ 2018లోనే ఒక ఇంజనీరు నివేదిక ఇచ్చి ఉన్నాడు. మరమ్మతుకు కోటీ యాభై లక్షల డాలర్లు కావాలి. ఎవరెంత ఇవ్వాలన్న వాదాలలో కాలం గడిచింది. మొదటి వాయిదాకు గడువు జూలై 1. నేనా వార్త చదివి, అయ్యో అనుకొని, పత్రిక మడిచి పెట్టాను.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా సెల్లారులో కొన్నిరోజులు నిలిచింది. 2025 జనవరిలో ఒక మధ్యాహ్నం, అక్కడే కాపురమున్న వాచ్‌మన్ గదిలో పైకప్పు పెచ్చు ఊడి మంచం మీద పడింది. తట్టెడు కాంక్రీటు. ఆ మంచం మీద పడుకొనే పిల్ల ఆ వేళ బడిలో ఉంది. ఎనిమిదో తరగతి, సాయంత్రాలు నా దగ్గర పద్యాలు అప్పజెబుతుంది. ఆనాడూ వచ్చింది. పుస్తకానికి అంటిన దుమ్ము దులుపుకొంటూ కూర్చుంది.

ఈసారి ఇంజనీరు స్తంభాలను సుత్తితో తట్టి చూశాడు. రెండింట బోలు చప్పుడు. లోపలి చువ్వకు తుప్పు పడితే, ఆ తుప్పు అసలు ఇనుముకంటె కొన్నిరెట్లు చోటు కోరుతుందట. ఉబ్బి కాంక్రీటును బయటికి తోస్తుంది. బీట పైకి కనబడేసరికి లోపల వ్యవహారం చాలా దూరం పోయి ఉంటుంది.

రెండు స్తంభాలకూ ఆ పైకప్పుకూ ఇంటికి 60,000 అయ్యాయి. అంతటితో ఆగక ఒక పట్టిక వ్రాయించాము. డాబా పూత, సంపు, గొట్టాలు, మోటార్లు, లిఫ్టు, బయటి రంగు: ఏది ఇంకెన్నేళ్ళు ఆగుతుంది, అప్పుడెంత కావాలి. రానున్న 20 ఏళ్ళకు 48 లక్షలు తేలింది. గుండె జారింది కాని, భాగించి చూస్తే ఇంటికి నెలకు వేయి రూపాయలు.

ఆ వేయికే ఎంత రభస! కింది అంతస్తువారు డాబాతో మాకేమి పని అన్నారు. పైవారు సెల్లారులో మాకు కారే లేదన్నారు. ఒక పెద్దాయన "నేనింకెన్నాళ్ళుంటాను మాస్టారూ?" అన్నారు, దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ముందుగా ఒప్పుకొన్నది ఫ్లోరిడాలో ఉంటున్న ఒక యజమాని. సర్ఫ్‌సైడ్ తరువాత 2022లో అక్కడ చట్టం చేశారట. మూడంతస్తులూ ఆపైని కాండోమినియం భవనాలకు ముప్పయ్యేళ్ళు నిండగానే తనిఖీ తప్పనిసరి. భవనాన్ని నిలబెట్టే భాగాల నిధిని యజమానులు ఓటు వేసి ఎగగొట్టే వీలును కూడ తొలగించారు. "మీరు అడుగుతున్నారు మాస్టారూ, ఇక్కడ అడగరు," అని ఫోనులో నవ్వాడు. అద్దెకు పోక ఖాళీగా ఉన్న తన ఫ్లాటు తాళాలు కూడ వాచ్‌మన్ కుటుంబానికి ఇమ్మన్నాడు.

ఇరువదింట పద్నాలుగు సంతకాలు వచ్చాయి. ఆరు రావాలి. తీర్మానాల పుస్తకం పట్టుకొని మెట్లెక్కుతుంటే, పాత పుటలో నా చేవ్రాలు కనబడకుండా బొటనవేలు అడ్డుపెట్టుకొంటున్నానని నిన్ననే గమనించాను.

మొన్న ఆ పిల్ల "తాతగారూ, మేం మళ్ళీ కిందికి ఎప్పుడు వెళ్ళాలి?" అని అడిగింది. సెల్లారులో ఇక ఎవరినీ కాపురముంచరాదన్న తీర్మానం వ్రాసి పెట్టుకొన్నాను. ఆదివారం సమావేశం.