పరీక్ష చెరువులోనే!

మెదక్ అనగానే 1924లో ప్రారంభమైన చర్చి, కొండమీది కోట గుర్తొస్తాయి. ఈసారి వెళ్తే పిట్లం చెరువు, గోసముద్రం కూడా చూసి రండి. ఇలాంటి చెరువులే ఈ ప్రాంతంలో మత్స్యకారుల పిల్లలకు బడి, పరీక్ష హాలు కూడా!

మత్స్యకార సహకార సంఘంలో సభ్యత్వం కావాలంటే 18 ఏళ్లు నిండాలి, మత్స్యశాఖ పెట్టే నైపుణ్య పరీక్ష గట్టెక్కాలి. ఈత కొట్టాలి, వల విసరాలి, వల అల్లి చూపాలి. నెగ్గితేనే సంఘం చెరువులో చేపలు పట్టే హక్కు. అందుకే సాధన చిన్నప్పుడే మొదలవుతుంది. అంచున గుండ్లు కట్టిన విసురువల గాల్లో గొడుగులా విచ్చుకుని నీటిమీద గుండ్రంగా పడాలి. ముద్దలా పడిందా, చేప తప్పించుకున్నట్టే!

పరీక్షలో అడగని పాఠాలూ ఉన్నాయి. వలను చింపే మొద్దులు చెరువు అడుగున ఎక్కడున్నాయో తెలియాలి. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను, తన పిల్లల గుంపుకు కాపలా కాస్తూ తిరుగుతుంది. అక్కడ వల వేస్తే పెద్ద చేపతోపాటు వచ్చే ఏటి చేపలూ పోతాయి. వల ఎలా విసరాలో పరీక్షలో చూస్తారు. ఎక్కడ విసరకూడదో నేర్పాల్సింది మాత్రం ఇంట్లోని పెద్దలే. గురువులని వాళ్లకు ఎవరూ సర్టిఫికెట్టు ఇవ్వలేదు. చెరువులో చేప మిగిలితే, అదే వాళ్ల సర్టిఫికెట్టు.