పాత కంప్యూటరునకు పథ్యము

బేగంపేటలోని మా యింట విండోస్ 98తో నడచు పాత కంప్యూటరొకటి కలదు. ఇంటి పద్దులును, గతించిన మా మామగారు వ్రాసిన జాబులును అందే యున్నవి. బంధువులిచ్చిన పాత ప్రింటరును తగిలించిన మఱునాటినుండి అది సగము లేచి నిలిచిపోవుచుండెను. అమీర్‌పేటనుండి వచ్చిన మరమ్మతువాడు చూచి, అంతయు తుడిచి విండోసును మరల నెక్కింపవలెననెను. అత్తగారు మాటాడలేదు. తుడుచుట యాతనికి గంట పని. మాకో, ఆ జాబులు మరల రావు.

సోదరీమణులారా, తుడుచుటకు ముందొక పరీక్ష కలదు. కంప్యూటరు లేచునపుడు, విండోస్ బొమ్మ రాకమునుపే ఎఫ్8 మీటను నొక్కినచో నొక పట్టిక వచ్చును. అందు సేఫ్ మోడ్ అనుదానిని ఎన్నుకొనవలెను. జ్వరము విడిచినవారికి చారన్నము మాత్రమే పెట్టినట్లు, అప్పుడది కీబోర్డు, మౌసు, సాధారణపు తెర, వీని డ్రైవర్లను మాత్రమే పుచ్చుకొని లేచును. తెర 16 రంగులతో వెలవెలబోవును. నాలుగు మూలలందును సేఫ్ మోడ్ అని కనబడును. చూచి బెదరవలదు.

మాది అట్లు లేచినది. కాబట్టి మూలము చెడలేదు, పైన చేర్చినవానిలోనే దోషము. ముందుగా జాబులను ఫ్లాపీలలోనికి ఎత్తుకొంటిమి. పిమ్మట ఎంఎస్‌కాన్ఫిగ్ తెఱచి, యంత్రముతోపాటు లేచు ప్రోగ్రాములన్నిటిని ఆపి, పథ్యమువారికి ఒక్కొక్క కూర వడ్డించినట్లు ఒక్కొక్కదానిని చేర్చి, ప్రతిసారియు మరల నడిపి చూచితిమి. ప్రింటరు ప్రోగ్రామును, పాత స్కానరు ప్రోగ్రామును కలిసినపుడే అది నిలిచినది. రెండింటికిని వెనుకనున్న పారలల్ పోర్టు ఒక్కటే గదా! స్కానరుదానిని తీసివేసితిమి.

విండోస్ 10, 11లలో ఎఫ్8 సామాన్యముగ పనిచేయదు. షిఫ్టు మీటను పట్టుకొని రీస్టార్టు నొక్కి, ట్రబుల్‌షూట్ ద్వారా పోవలెను. విండోస్ 98ని మైక్రోసాఫ్టువారు 2006 జూలైలోనే విడిచిరి. అందుచే దీనిని మేము ఇంటర్నెట్టునకు తగిలింపము. అత్తగారు దినమునకొక జాబు చొప్పున అచ్చు తీయించుకొనుచున్నారు.