రసీదు పుస్తకం

మా యూనివర్సిటీలో బ్యాండుకు గది ఉంది. మా డప్పు బృందానికి చెట్టు కిందే చోటు. వానాకాలం అదీ లేదు. చెమ్మకు తోలు వదులై డప్పు మూగబోతుంది, మంటకు కాగితేనే మోగుతుంది. హాస్టల్లో మంట పెడితే నోటీసు. ఫైబర్ డప్పులు కొనుక్కోండన్నారొక సారు. (వీణ వాయించేటోళ్లకూ ఇదే చెప్తారా అని అడగాల్సింది.)

రేకుల షెడ్డుకు చందాలు మొదలుపెట్టాం. మెస్ ముందు తువ్వాల పరిచి కొట్టాం. పదులు, ఇరవైలు పడుతున్నాయి. చావుల కాడ నాయన ముందు పైసలు విసిరిన చేతులు యాదికొచ్చి నా సిర్ర ఆగిపోయింది. తువ్వాల మడిచేసి, రసీదు పుస్తకం అచ్చు వేయించాం.

నాయనకు ఫోన్ చేశాను. నేను చదువుకోవాలని డప్పు ముట్టనియ్యని మనిషి. చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి ఫోన్‌పేలో ఐదు వందలు వచ్చాయి.

"రసీదు మీద నా పేరు పూర్తిగా రాయి" అన్నాడు.