డిసెంబర్ 24న బిల్లుల పండగ

మనకు పండగలు తక్కువేం కాదు. అయినా ఇంకొకటి కావాలంటాను: బిల్లుల పండగ. తేదీ వెతుక్కోనక్కర్లేదు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది డిసెంబర్ 24నే. అందుకే అది జాతీయ వినియోగదారుల దినోత్సవం. కానీ ఒక సభ, ఒక దండ, నాలుగు ఉపన్యాసాలతో సరిపెడితే ఇళ్లలోకి ఎలా వస్తుంది?

అప్పటికి ధనుర్మాసం, ముగ్గు ఎలాగూ వేస్తాం. ఆ రోజు మధ్యలో 1915 అని రాద్దాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరది, పిల్లలకి నోటికి రావాలి. తర్వాత బీరువాలోంచి బిల్లులు, వారంటీ కార్డులు తీసి పసుపు బొట్లు పెట్టాలి, అంకెల మీద పడకుండా. థర్మల్ పేపరు బిల్లులకైతే ముందు ఫొటో తీయాలి, ఆ అక్షరాలు వెలిసిపోతాయి. మధ్యాహ్నం పిల్లలు వీధి కొట్టుకెళ్లి ప్యాకెట్ల మీద ఎంఆర్‌పీ, నికర బరువు, తేదీ పైకి చదవాలి. అన్నీ సరిగ్గా ఉన్న కొట్టాయనకి మొదటి బూరె.

సాయంత్రం వ్రతకథ. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకి లాయరు తప్పనిసరి కాదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము లేదు. గడువు రెండేళ్లు. ఈ మూడు ముక్కలు తెలియకే ఎంతమంది పాడైన మిక్సీని అటకెక్కించి ఊరుకున్నారో! నాకు నిజంగా బాధేస్తుంది.

ఈ ఏడాది మా అపార్ట్‌మెంట్‌లో మొదలుపెడదామనుకుంటున్నాను. బూరెలు నా వంతు, బిల్లులు మీరు తెచ్చుకోండి.