పది రోజుల గడువు

భిలాయి పవర్‌హౌస్ రైల్వే స్టేషనుకు అనతిదూరంలో ఉన్న క్యాంప్ 2లో, 2025 వేసవిలో, ఒక తెలుగు ఇంట పది రోజులపాటు ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు. ఢిల్లీ ఐ.ఐ.టి. అబుదాబిలో నెలకొల్పిన ప్రాంగణంలో ఆ ఇంటి అమ్మాయికి ఎం.టెక్. సీటు వచ్చింది. చేరుతున్నదీ లేనిదీ పది రోజులలో తెలియజేయవలసి ఉంది.

క్యాంప్ అన్న మాట విని కొత్తవారు అదేదో సైనిక శిబిరమని భ్రమపడుతుంటారు. ఉక్కు కర్మాగారం కట్టేనాడు పనివారి కోసం వెలసిన గుడిసెల వరుసలకు ఆ పేరు వచ్చింది. గుడిసెలు పోయి పక్కా ఇళ్ళు లేచాయి గాని పేరు పోలేదు. కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరిలో. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. ఆ రెండు తేదీల నడుమ, మన్ను మోయడానికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారిలో ఆ అమ్మాయి తాత ఒకడు. పార్వతీపురం వైపు పల్లె. తిరిగి వెళ్ళిపోదామనే వచ్చాడు, వెళ్ళలేదు.

తండ్రి 1988 నుంచి అదే కర్మాగారంలో కోక్ ఓవెన్ల మీద పనిచేస్తున్నాడు. గాలి తగలకుండా బొగ్గును వేయి డిగ్రీలకు పైబడిన వేడిలో గంటల తరబడి కాల్చితే కోక్ తయారవుతుంది. ఆ ఎర్రని ముద్దను ఓవెన్ నుంచి నెట్టి, నీటితో చల్లార్చినప్పుడు లేచే తెల్లని ఆవిరి మేఘాన్ని ఆ అమ్మాయి పసితనం నుంచీ చూసింది. నాన్న డ్యూటీలో ఉన్నాడనడానికి అదే గుర్తు. ఏడాది గడిస్తే ఆయనకు అరవై ఏళ్ళు, పదవీ విరమణ.

ఆమె చదవబోయేది ఇంధన పరివర్తన, సుస్థిరత అనే శాస్త్రం. మామూలు మాటలలో చెప్పాలంటే, బొగ్గు పొగ లేకుండా లోకం ఎలా నడవగలదన్నదే అందులోని ప్రశ్న. బ్లాస్ట్ ఫర్నేస్ మార్గంలో ఒక టన్ను ఉక్కుకు ఇంచుమించు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఇనుప ఖనిజంలోని ప్రాణవాయువును కార్బన్ లాక్కొని పోవడమే అందుకు ముఖ్య కారణం. ఆ పనికి హైడ్రోజన్‌ను నియోగిస్తే మిగిలేది నీటి ఆవిరి. అంటే, కూతురు ఏ విద్య కోసం బయలుదేరుతున్నదో ఆ విద్య ఫలిస్తే తండ్రి చేసిన పనికి ఇక అవసరం ఉండదు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఆయనకు తెలియదనుకోవడం మాత్రం పొరపాటు.

తల్లి అభ్యంతరం వేరు. అబుదాబి అనగానే ఆమెకు తోచింది ఏజెంటు, పాస్‌పోర్టు, ఇసుకలో ఇటుకలు మోసే మనుషులు. తెలుగునాట ఎన్ని పల్లెలలో ఆ మాటకు అదే అర్థమో తెలిసినవారు ఆమెను తప్పుపట్టలేరు. మంచం మీది నాయనమ్మ అయితే సూటిగానే అడిగింది: “మీ తాత బొగ్గు కాడికొచ్చాడు. నువ్వు ఇసక కాడికెల్తావేటే?”

ఇంటికి దగ్గరలో మరో దారి లేకపోలేదు. 2016లో ఏర్పడిన భిలాయి ఐ.ఐ.టి. మొదట కొన్నేళ్ళు రాయపూర్‌లో తరగతులు నడిపి, దుర్గ్ జిల్లాలోని కుటేలాభాఠా గ్రామం వద్ద సొంత ప్రాంగణం కట్టుకొన్నది. 2024 ఫిబ్రవరి 20న దానిని జాతికి అంకితం చేశారు. గేట్ పరీక్ష ద్వారా దేశంలోని ఐ.ఐ.టి.లలో ఎం.టెక్.లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల భృతి కూడా లభిస్తుంది. రోజూ ఇంటి అన్నం తిని చదువుకోవచ్చు. ఇరుగుపొరుగువారి సలహా అదే. సలహాకు డబ్బు ఖర్చు లేదు గనుక అది ధారాళంగానే వచ్చింది.

అబుదాబి పక్షాన ఆ అమ్మాయి కూడబెట్టుకొన్న వాదనలు కూడా తక్కువవి కావు. ప్రాంగణం పరదేశంలో ఉన్నా, పట్టా ఇచ్చేది ఢిల్లీ ఐ.ఐ.టి.యే. 2023 జూలైలో ఒప్పందం కుదిరి, 2024 జనవరిలో అక్కడ మొదటి పాఠం మొదలైంది ఈ ఎం.టెక్.తోనే. పైగా అక్కడి ఉక్కు కర్మాగారం కోక్ మీద ఆధారపడదు. సహజవాయువుతో ఖనిజాన్ని ఇనుముగా మారుస్తుంది. వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను ఏడాదికి ఎనిమిది లక్షల టన్నుల దాకా పట్టి, గొట్టాల ద్వారా తరలించే ఏర్పాటు 2016లోనే జరిగింది. 2024లో హైడ్రోజన్‌తో ప్రయోగం కూడా ఆరంభించారు.

“పట్టిన ఆ వాయువును ఏం చేస్తారమ్మా?” అని అడిగాడు తండ్రి.

చమురు బావులలోకి పంపుతారని, దాని ఒత్తిడికి మరికొంత చమురు పైకి వస్తుందని ఆమె చెప్పక తప్పలేదు. ఆయన నవ్వాడు. ఆ వారంలో ఆ ఇంట వినబడిన మొదటి నవ్వు అది. నిజానికి నవ్వదగిన విషయమే: ఒక పొయ్యి పొగను పట్టి ఇంకొక పొయ్యికి కట్టెలు తెచ్చుకోవడం! అయినా ఆ గొట్టాలు, ఆ యంత్రాలు కళ్ళారా చూసే అవకాశం కుటేలాభాఠాలో లేదు కదా అన్నది ఆమె వాదన.

తొమ్మిదో రోజు రాత్రి డ్యూటీ నుంచి వచ్చి తండ్రి పడుకోలేదు. పాఠ్యప్రణాళిక కాగితాలు ముందు వేసుకొని కూర్చున్నాడు. ఇంగ్లీషు ఆయనకు అంతంత మాత్రమే; కోక్, హైడ్రోజన్ అనే మాటలు దొరికినచోటల్లా వేలు పెట్టి ఆగుతున్నాడు. చాలాసేపటికి కూతురిని పిలిచాడు.

“ఫర్నేస్‌లో కోక్ వేసేది ఖనిజాన్ని కరిగించడానికేనా? పైన పడ్డ సరుకు బరువంతా మోసేది అదే. గాలి పైకి పోవడానికి సందులు ఇచ్చేదీ అదే. హైడ్రోజన్ గాలి. గాలి బరువు మోస్తుందా?”

ఆమె నోట మాట రాలేదు. ఖనిజం గట్టిగా ఉండగానే ఇనుముగా మార్చే వేరే కొలిమి ఉంటుందని, ఆ తరువాత విద్యుత్తుతో కరిగిస్తారని కొంతసేపటికి చెప్పింది. అలాగయితే, ఇక్కడ ఉన్న బ్లాస్ట్ ఫర్నేస్‌లన్నీ ఏమవుతాయని ఆయన మళ్ళీ అడిగాడు. కోక్‌ను తగ్గించి, కొంత మేరకే హైడ్రోజన్ పంపితే ఎంతవరకు నిలుస్తాయని అడిగాడు. రెండవదానికి ఆమె వద్ద సమాధానం లేదు.

“మేము చేరిన కొత్తలో పాతవాళ్ళు చెప్పేవారు,” అన్నాడాయన. “ఇది కట్టేటప్పుడు మన ఇంజనీర్లు రష్యా పోయి నేర్చుకొని వచ్చారని. వచ్చి ఇక్కడే నడిపారు.” మరేమీ అనలేదు. వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కాగితాలు మడిచి ఆమె చేతికిచ్చి పడుకొన్నాడు.

పదవ రోజు సాయంత్రం ఆమె సమ్మతి పంపింది. అప్పు సంగతి, పాస్‌పోర్టు సంగతి ఆ రాత్రే మొదలయ్యాయి. ప్రయాణానికి ముందు పార్వతీపురంలోని పెద్దవాళ్ళకు చూపించి తీరాలని తల్లి పట్టుబట్టింది. దుర్గ్ నుంచి విశాఖ వెళ్ళే రైలుకు టిక్కెట్లు చూడమన్నది. టిక్కెట్లు చూస్తూనే ఆ అమ్మాయి కొత్త నోటు పుస్తకం తీసి, మొదటి పుటలో తండ్రి అడిగిన రెండవ ప్రశ్నను తెలుగులోనే రాసుకొన్నది.